శ్రావణంలో పండుమిరపకాయలు

మాది కారం మర. గుంటూరు నుంచి పెదకాకాని వెళ్ళే దారిలో, రోడ్డు పక్కనే ఉంటుంది. ఎండాకాలం మొదలైందంటే ఆడవాళ్ళు మిరపకాయల సంచులతో వరస కడతారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడతారు తప్ప మర దగ్గర్నుంచి అడుగు కదలరు. కదిలితే నేను వాళ్ళ కారం తీసేసి ఇంకొకళ్ళది పోస్తానని భయం. ముందు ఆడించినవాళ్ళ కారం మరలో మిగిలి తమదాంట్లో కలుస్తుందని ఇంకో భయం. "ఆవిడవి రంగులేని కాయలండీ, మర బాగా దులపండి" అంటారు, ఆవిడ పక్కన వింటుండగానే. నేను దులుపుతాను. నాకు కోపం రాదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అలాగే కాపలా కాస్తాను.

అనుమానం మా పుట్టింటి ఆస్తి. మా నాన్న మిరప రైతు. కాయని బస్తాలకెత్తి మిర్చి యార్డుకి తీసుకెళ్తే, కొనేవాళ్ళు పైన చూసి ధర చెప్పరు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగున ఉన్న కాయ బయటికి లాగుతారు. ఎందుకంటే పైన ఎర్రగా నిగనిగలాడే కాయ పరిచి, అడుగున తెల్లబోయిన తాలు కాయ పోసేవాళ్ళు ఉంటారు. పైన పటారం, లోన లొటారం. మా నాన్న అలాంటి పని చెయ్యలేదు. కానీ చేసినవాళ్ళని చూసి చూసి, పెళ్ళిచూపులకొచ్చిన మా ఆయన్ని కూడా అలాగే చూశాడు. ఎదురుగా ఉన్నది నచ్చితే ముందు అడుగున ఏముందో చూడమనేవాడు. నాకా అలవాటు పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

ఇలాంటి నన్ను మా కోడలు ఫోన్లో ఒక వంటల గ్రూపులో చేర్చింది. మర ఖాళీగా ఉన్నప్పుడు కాలక్షేపంగా ఉంటుందంది. నా గొణుగుడు తప్పించుకోడానికి చేసిందని నా అనుమానం. చేరిన కొత్తలో ఆ గ్రూపంతా నాకు తాలు కాయల బస్తాలాగే కనిపించింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు, పొయ్యి మీద మాడిన గిన్నె కనపడకుండా అరిటాకులో అంగుళం ముక్క ఫోటో తీసి పెట్టేవాళ్ళు. వేరేవాళ్ళ బొబ్బట్లు తమవని చెప్పుకునేవాళ్ళు. కొలతలన్నీ చెప్పి అసలు దినుసు ఒకటి దాచుకునేవాళ్ళు. ఒకావిడ ఉలవచారు చెప్పి చింతపండు మాట ఎత్తలేదు. మర్చిపోయాననంది. ఉలవచారులో చింతపండు మర్చిపోయే మనిషి భూమ్మీద ఉంటుందా?

అయినా వదల్లేకపోయాను. దానికి కారణం రోజూ పొద్దున పదింటి ప్రాంతంలో అడ్మిన్ పెట్టే ఒక ప్రశ్న. "ఈరోజు ఏం వండారు?" హైదరాబాదులో ఏదో అపార్టుమెంట్లో ఉండే చిన్నపిల్ల ఆ అడ్మిన్. ఆ మాట నన్ను ఇంట్లో ఎవరూ అడగరు. మా ఆయన కంచంలోకి చూసి తెలుసుకుంటాడు. నేను "దోసకాయ పప్పు" అని రాస్తే, మొహం తెలియని ఎవరో ఒకామె "మేమూ అదే" అంటుంది. ఆ రెండు ముక్కలకి ఎందుకంత సంతోషం కలుగుతుందో నాకు అర్థం కాదు. అందుకే ఆ సంతోషాన్ని కూడా అనుమానించేదాన్ని.

ఆ గ్రూపులో అందరూ పొదిలి అక్కయ్య అని పిలిచే ఒకావిడ ఉంది. ఊరు పొదిలి. తను చెప్పుకున్నదీ, మాకు తెలిసిందీ అంతే. రోజూ తప్పకుండా వంట ఫోటో పెడుతుంది. ఆడంబరం లేదు, అరిటాకుల్లేవు. అంచు పెచ్చులూడిన పింగాణీ కంచం, అందులో జొన్నన్నమో కొర్రన్నమో, పక్కన కూర. కొలతలు దాచుకోదు. ఎవరైనా సందేహం అడిగితే ఓపిగ్గా చెబుతుంది. గ్రూపంతా ఆవిణ్ణి మెచ్చుకునేది. అంతమంది ఒక మనిషిని మెచ్చుకుంటే నాకు నిద్ర పట్టదు.

పోయిన శ్రావణమాసంలో ఆవిడ పండుమిరపకాయల పచ్చడి పెట్టింది. పక్కనే జల్లెడ నిండా కాయలు, ఎర్రగా, తొడిమలు ఇంకా పచ్చగా. అక్కయ్యా నోరూరుతోంది, అక్కయ్యా పార్సిల్ అంటూ వరసగా వచ్చి పడ్డాయి. నేను మాత్రం ఆ తొడిమల దగ్గరే ఆగిపోయాను. పండుమిరపకాయలొచ్చేది సంక్రాంతి ముందూ వెనకా. ఫాల్గుణం దాటితే చెట్టు మీదే ఎండి కల్లాలకెక్కుతాయి. శ్రావణంలో మా వైపు మిరప నారుమడి దగ్గరే ఉంటుంది. ఎక్కడో ఒకటీ అరా దొరుకుతాయేమో గానీ, జల్లెడ నిండానా? హైదరాబాదు పిల్లకి తెలియకపోవచ్చు, కారంలో పుట్టి కారంలో పెరిగిన నాకు తెలియదా?

"శ్రావణంలో పండుమిరపకాయలు ఎక్కడ దొరికాయండీ?" అని రాశాను. అందరికీ జవాబిచ్చే మనిషి నాకివ్వలేదు.

ఇంక చూడండి నా పని. ఆవిడ పెట్టిన ఫోటోలన్నీ వెనక్కి వెనక్కి తిప్పి చూశాను. ఆ పచ్చడి అంతకు ముందెప్పుడో మాఘమాసంలో పెట్టిందే. ఆ వారం పెట్టిన చిక్కుడుకాయ కూర కూడా చలికాలందే. రోజుకో పాత ఫోటో తీసి, కొత్తగా వండినట్టు "ఈరోజు" అని పెడుతోంది. ఫోటోలు ఆవిడవే. కానీ అబద్ధం అబద్ధమే కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే అడ్మిన్ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. మన గ్రూపులో మీకేం నచ్చుతుంది, ఏం మారితే బాగుంటుంది, మొహమాటం లేకుండా చెప్పండి అంది. ఎందుకడుగుతోందా అని ఆలోచించాను. ఏ మసాలా కంపెనీకో గ్రూపుని అమ్మేస్తోందేమో, వెళ్ళేముందు సరుకు లెక్క చూసుకుంటోందేమో అనిపించింది. కానీ జనం మొహమాటం లేకుండానే చెప్పారు. ఆవకాయ పొంగిందని ఏడుస్తూ రాస్తే నిమిషంలో జవాబిచ్చారు, అదే నచ్చిందని ఒకామె రాసింది. కొత్త కాపురంలో ఎసరు కొలత అడిగితే ఎవరూ నవ్వలేదని ఇంకొకామె. మారాల్సినవీ బోలెడు. "రుచికి సరిపడా ఉప్పు" అనే మాట నిషేధించాలని ఒకరు. వంట చెడిపోయినవాళ్ళ ఫోటోకి నవ్వు బొమ్మలు పెట్టకూడదని ఇంకొకరు. సాంబార్లో బెల్లం వెయ్యాలా వద్దా అనే తగాదా ఇక మూసెయ్యాలని చాలామంది. ఆ తగాదా నడిపేది ఒంగోలులో ఉండే ఒక రిటైరైన పెద్దాయన. మూసేస్తే తను గ్రూపులో ఉండనని ఆయన.

నేనూ రాశాను. ఎవరి పేరూ ఎత్తలేదు. "ఈరోజు అని పెట్టే ఫోటో ఆరోజు వండినదే అయి ఉండాలి. పాతదైతే పాతదని చెప్పాలి" అన్నాను. ఆ మాట ఇప్పటికీ తప్పని అనను. నా మాటకి గ్రూపులో సగంమంది గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మావి తాజావే, మావి తాజావే అని మొదలుపెట్టారు. అడ్మిన్‌కి నచ్చింది. వెంటనే రూలు పెట్టేసింది. రూలు పుట్టగానే ఒంగోలు పెద్దాయన దాన్ని చేతికర్రలా పట్టుకుని బయల్దేరాడు. నేను పండుమిరపకాయల గురించి అడిగిన ప్రశ్న కింద, "దీనికి జవాబేది?" అని రాశాడు.

అప్పుడు పొదిలి అక్కయ్య జవాబిచ్చింది. "ఇంట్లో అన్నీ నిండుకున్నాయండీ. అందుకే పాతవి పెడుతున్నాను. ఏమీ అనుకోకండి."

అంతే, గ్రూపు భగ్గుమంది. ఇంటినిండా సరుకులు పెట్టుకుని వండటానికి బద్ధకమా అని ఒక పిల్ల. అన్నీ ఫుల్లుగా ఉన్నాయని గొప్పలు కూడానా అని ఇంకో పిల్ల. నిండుకుండ తొణకదంటారు, ఇదేం కుండ అని మూడో ఆమె. చదువుతుంటే నాకు తల తిరిగింది. బియ్యం అయిపోయాయి అనడం అశుభమని మా అమ్మ ఎప్పుడూ ఆ మాట నోట రానిచ్చేది కాదు. నిండుకున్నాయి అనేది. డబ్బా బోర్లించి తట్టి చూపిస్తూ కూడా నిండుకున్నాయనే అనేది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఆ మాటకి నిండుగా ఉన్నాయనే అర్థం పట్టుకుని పప్పులో కాలేశారు.

నిండుకున్నాయంటే ఏమీ లేవని అర్థం అమ్మా, అని రాశాను. తర్వాత అడ్మిన్ పిల్ల, "అయ్యో, అయితే ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టుకోవచ్చు కదా అక్కా, పది నిమిషాల్లో వచ్చేస్తాయి" అంది. పొదిలిలో! రూలు అందరికీ ఒకటేననీ, ఆదివారంలోపు ఆరోజు వండిన వంట ఒక్కటి ఫోటో తీసి పెడితే చాలనీ, లేకపోతే గ్రూపులోంచి తీసెయ్యక తప్పదనీ చెప్పింది.

ఇక్కడ నా బుద్ధి ఎటు పోయిందో దాచను. ఇంట్లో ఏమీ లేవన్న మనిషి తర్వాత ఏం చేస్తుంది? డబ్బు పంపమని ఫోన్ నంబరు పెడుతుంది. ఇలాంటివి ఎన్ని వినలేదు? ఎదురుచూశాను. నంబరు రాలేదు. మహా తెలివైనది, ఇంకా జాలి ముదరనిస్తోంది అనుకున్నాను. చివరికి ఉండబట్టలేక నేనే విడిగా రాశాను. ఒక్క ఫోటో పెట్టేస్తే పోతుంది కదండీ అని.

"ఇంట్లో పొయ్యి వెలిగించట్లేదండీ" అని వచ్చింది. కాస్త ఆగి ఇంకొకటి వచ్చింది. "నన్ను తీసెయ్యకుండా మీరొక మాట చెబుతారా? నాకు ఆ గ్రూపు చాలా అవసరం."

పొయ్యే వెలిగించని మనిషికి వంటల గ్రూపు ఎందుకవసరం? రెండు మాటలూ ఒక బస్తాలోవి కావు. మా ఆడపడుచుది పొదిలి దగ్గరే. ఆవిణ్ణి చూసి చాలాకాలమైంది, వెళ్ళొస్తానని మా ఆయనతో అన్నాను. ఒక సంచిలో బియ్యం, కందిపప్పు, చింతపండు, మా మరలో ఆడించిన కారం సర్దుకున్నాను. నిజంగా లేనివాళ్ళయితే ఇస్తాను, అబద్ధమైతే ఆడపడుచుకిస్తాను. మా ఆయన సంచి వైపు చూసి, "ఫోన్లో మనిషిని నమ్మి బస్సెక్కుతున్నావా, నువ్వేనా?" అన్నాడు.

"నమ్మి కాదు, నమ్మకే ఎక్కుతున్నాను" అన్నాను.

చిలకలూరిపేట, అద్దంకి, దర్శి మీదుగా బస్సు. అద్దంకి దాకా పత్తి మొలకలు కనిపించాయి. దర్శి దాటాక చేలు వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. ఇంటికి వస్తానని నేను ముందే రాస్తే ఆవిడ, "ఇంటికి వద్దండీ, బస్టాండు దగ్గర కలుద్దాం" అంది. ఇంటికి రానివ్వని వంటమనిషి! దారి పొడుగునా ఆ మాటే నములుతూ కూర్చున్నాను.

బస్టాండులో నా దగ్గరికొచ్చిన మనిషిని చూసి నాకు ఒళ్ళు మండింది. శుభ్రమైన ఇస్త్రీ చీర, చేతులకి బంగారు గాజులు, మెళ్ళో గొలుసు. ఏమీ లేనివాళ్ళ వాలకం కాదు. "అక్కా, ఇంత దూరం వచ్చారా" అని చేతులు పట్టుకుంది. నేను సంచి అందించాను, మొహం చూస్తూ. లోపల కారం పొట్లం వాసన తగలగానే ఆవిడ సంచి చటుక్కున దూరం జరిపింది.

"ఇది ఇంట్లోకి తీసుకెళ్ళలేనక్కా" అంది.

"అదేమిటి? ఏమీ లేవన్నారుగా?"

"లేవు. నేనే తెచ్చుకోవట్లేదు."

బస్టాండు బల్ల మీద కూర్చోబెట్టి అప్పుడు చెప్పింది. వాళ్ళాయనకి అన్నవాహికలో పుండు పడింది. ఆపరేషనయింది. నోటితో మింగడానికి లేదు. పొట్టకి గొట్టం పెట్టారు. పాలూ, పల్చటి జావా అందులోంచే పోయాలి. తిండి మీద మహా ఇష్టమున్న మనిషి. మొదట్లో ఈవిడ తనకోసం కాస్త కూర చేసుకుంటే, తాలింపు వాసనకి ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడట. అలా తిరగడం చూడలేక ఈవిడ పొయ్యి ఆపేసింది. ఆయన జావ కూడా పక్కింట్లో తోడికోడలి దగ్గరే కాచి, తనూ అక్కడే తిని, నోరు పుక్కిలించి ఇంటికొస్తుంది. ఉన్న సరుకు తోడికోడలికిచ్చేసింది. మళ్ళీ కొనలేదు.

"మరి ఫోటోలు?"

"వాసన పడదు గానీ, బొమ్మ చూస్తాడక్కా. ఒకరోజు నా ఫోన్లో పాతవి కనపడితే, ఇది ఎప్పుడు చేశావు, ఇందులో ఏమేశావు అని అడిగాడు. అంతకుముందు కొన్నాళ్ళుగా మాటే లేదు. అందుకే రోజుకొకటి పెడుతున్నా. సాయంత్రం అందరూ ఏమన్నారో చదివి వినిపిస్తా. దానికోసం పొద్దున్నించీ కాచుకుని ఉంటాడు."

నేను నమ్మానా? సగం. గొట్టాల కథలు నేనూ విన్నాను. "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాను. సరేనంది. గ్రూపులో తగాదా ఆయనకి తెలియదనీ, ఆ సంగతి ఎత్తొద్దనీ అంది. సంచి దారిలో తోడికోడలింట్లో పెట్టించింది.

ఇంట్లో ఫినాయిలు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. తెలుగువాళ్ళ ఇంట్లో పోపు వాసన, పచ్చడి వాసన, కనీసం పుల్లమజ్జిగ వాసన కూడా లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. మంచం మీద ఎముకల గూడులాంటి మనిషి, పైన శుభ్రమైన పంచె. నన్ను చూసి లేవబోయాడు.

"గ్రూపులో కారం మర ఆవిడ మీరే కదండీ" అన్నాడు. గొంతు గరగరలాడుతోంది. "శ్రావణంలో పండుమిరపకాయలు ఎక్కడివని అడిగింది మీరే కదూ? ఈవిడతో అన్నాను, గుంటూరోళ్ళ దగ్గరా నీ వేషాలు, దొరికిపోయావ్ చూడు అని." నవ్వబోయి దగ్గాడు. "ఒంగోలాయన బెల్లం గొడవ ఎందాకా వచ్చింది?"

"ఇంకా నడుస్తోందండీ" అన్నాను.

"ఆయన్ని వదలొద్దని చెప్పండి. వదిలితే గ్రూపు చప్పబడిపోతుంది."

గ్రూపులో ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాడు. కొత్త కాపురం పిల్లకి ఎసరు కుదిరిందా, ఆవకాయ పొంగినావిడ జాడీ మార్చిందా అని. ఎన్నేళ్ళుగానో ఆ గ్రూపులో ఉన్న నాకు వాళ్ళ సంగతులు అంత తెలియవు. తర్వాత ఆవిడ ఫోన్ తీసి, ముందురోజు పెట్టిన గుత్తొంకాయ ఫోటో ఆయన కళ్ళ ముందు పెట్టి, కింద వచ్చిన మాటలు చదవడం మొదలుపెట్టింది. వాసన ఇక్కడిదాకా వచ్చింది అక్కయ్యా అన్నారట. మా అత్తగారు మెచ్చుకుంటూ లొట్టలు వేసింది అని రాశారట. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

అలవాటు చొప్పున నా ఫోన్ తీసి చూశాను. ఆ ఫోటో కింద అలాంటి మాట ఒక్కటీ లేదు. ఇదీ పాతదేనా, రూలు మీకు వర్తించదా, ఆదివారం గుర్తుందా, ఇవే ఉన్నాయి. ఆవిడ ఆ తిట్ల మీద చూపు పెట్టి, గొంతు తడబడకుండా, ఒక్కొక్కరి మాట తీరు పట్టి మెచ్చికోలు చదువుతోంది. ఆయన మధ్యలో ఆపి, "మసాలాలో నువ్వులు వేశావని చెప్పావా?" అన్నాడు. చెప్పానంది. అబద్ధాన్ని కళ్ళెదుట పట్టుకుని కూడా నోరెత్తకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

బయటికొచ్చాక, "ఉన్న సంగతి గ్రూపులో చెప్పేస్తాను, ఎవరూ ఏమీ అనరు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దక్కా. చెబితే అందరూ అయ్యో పాపం అంటారు. ఫోన్ ఆయన చేతిలోనే ఉంటుంది ఒక్కోసారి. తిట్లయితే అప్పటికి దాస్తున్నా. అయ్యో పాపాలు వచ్చి పడుతుంటే ఎన్నని దాచను? వంట గురించి మాట్లాడుకున్నంతసేపే ఆయన రోగి కాడు. అది తీసెయ్యకండి."

ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. తిరుగు బస్సులో నా మీద నాకే చిరాకు. రూలు మంచిదే. తాలు కాయ ఏరెయ్యాలి, నిజమే. కానీ ఆ రూలు మొదట పోయి తగిలింది ఈ మనిషికి. ఇంటికొచ్చి అడ్మిన్ పిల్లకి ఫోన్ చేశాను. పొదిలి ఆవిణ్ణి వదిలెయ్యమ్మా అన్నాను.

"ఆంటీ, ఆ రూల్ అడిగింది మీరే కదా" అంది. "రీజన్ ఏంటో చెప్పండి, కన్సిడర్ చేస్తాను."

"చెప్పడానికి లేదు."

"ఆవిడ మీకేమైనా పంపించారా ఆంటీ?"

పచ్చళ్ళు పుచ్చుకుని మాట్లాడుతున్నానని ఆ పిల్ల అనుమానం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మండిపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, ఆ పిల్ల స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని.

ఆదివారం పొద్దున్నే గోంగూర పప్పు చేశాను. కంచంలో జొన్నన్నం పెట్టి, పప్పు వేసి, మర కనపడకుండా కిటికీ గట్టు మీద పెట్టి ఫోటో తీశాను. పొదిలి ఆవిడకి పంపి, "ఇది పెట్టండి" అన్నాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "ఇది మోసం కాదా అక్కా?"

"ఆరోజు వండింది అయి ఉండాలనే రూల్లో ఉంది. ఎవరు వండిందీ అని లేదు. ఆ మాటలు నావే, నాకు తెలుసు" అన్నాను.

పెట్టింది. గ్రూపు చల్లబడింది. అడ్మిన్ పువ్వుల గుత్తి బొమ్మ పెట్టింది. "ఆలస్యమైనా రూలు నిలిచింది" అని ఒంగోలు పెద్దాయన. మళ్ళీ అక్కయ్యా నోరూరుతోంది అనే మాటలు వరస కట్టాయి. ఆ సాయంత్రం ఆవిడ సొంతంగా అల్లకుండా, ఉన్నవి ఉన్నట్టు ఆయనకి చదివే ఉంటుంది.

ఆ రోజు నుంచి నేను రెండు వంటల మనిషినయ్యాను. ఒకటి నా పేరు మీద, ఒకటి పొదిలి పేరు మీద. దొంగతనానికి కాపలా కాసినంత కాలం పట్టని బెంగ, దొంగతనం చెయ్యడం మొదలుపెట్టాక పట్టుకుంది. అక్కయ్య కంచం మారిందే అని ఎవరో అన్నారు. కిటికీ ఊచల మీద ఎర్ర దుమ్మేమిటండీ అని ఒంగోలాయన. అది మా మర కారం. మాది ఎర్రనేలండీ అని పొదిలి నుంచి జవాబు పోయింది. మా ఆయన కూడా ఊరుకోలేదు. "ఏమే, తినకముందే కూరకి ఫోటో తీసి ఎవరికి పంపుతున్నావు?" అన్నాడు. చెప్పాను. ఆయన వెళ్ళి కిటికీ ఊచలు తడిగుడ్డ పెట్టి తుడిచాడు.

శ్రావణం వెళ్ళిపోయాక ఒక రోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. ఎప్పుడూ రాసే మనిషే గానీ ఫోన్ చెయ్యదు. ఏం వినాల్సొస్తుందో అనుకుంటూ ఎత్తాను.

"మా ఆయన కనిపెట్టేశాడక్కా" అంది. "మొదటి రోజే తెలిసిందట. పప్పు తాలింపులో నువ్వు ఎండుమిరపకాయలు తుంచకుండా వేస్తావు, ఇందులో తుంచి ఉన్నాయి, ఇది నీ చెయ్యి కాదు అన్నాడు. ఎవరని ఇవాళ అడిగాడు. రూలు సంగతితో సహా అన్నీ చెప్పేశాను."

అంతమంది కళ్ళు కప్పాను, మింగలేని మనిషి దగ్గర దొరికిపోయాను. "కోపమొచ్చిందా?" అన్నాను.

"లేదు. మీకో మాట చెప్పమన్నాడు." "కొరమీను పులుసు చెయ్యమన్నాడు మిమ్మల్ని. పులుపు గట్టిగా వెయ్యమన్నాడు. కానీ వండిన రోజు ఫోటో తియ్యొద్దట. చేపల పులుసు మర్నాటికి గానీ రుచికి రాదట. రాత్రంతా ముక్కకి పులుసు పట్టనిచ్చి రేపు తియ్యమను, రూలు సంగతి నేను చూసుకుంటానన్నాడు."

ఫోన్ పెట్టేసి అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చాను. మర దగ్గర ఎవరో పిలుస్తున్నా లేవలేకపోయాను. తర్వాత మా ఆయన్ని బజారుకి పంపి కొరమీను తెప్పించాను. పొద్దువాలే లోపల పులుసు పెట్టి, మట్టిచట్టిలోకి ఒంపి, మూత వేశాను. మా ఆయన భోజనానికి కూర్చుని, ఇల్లంతా వాసనొస్తుంటే చట్టి వైపు చెయ్యి చాపాడు.

"దాని జోలికెళ్ళకండి" అన్నాను. "ఈ పూటకి పచ్చడి వేసుకోండి. పులుసు రేపటికి."